లెక్కల పట్టికలలో సూత్రముల రక్షణ

ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతి మార్కుల పట్టిక కంప్యూటరులో తయారై యున్నదనుకొందము. తరగతిలో 40 మంది విద్యార్థులు. ఒక్కొక్కరికి ఒక అడ్డువరుస. మొదటి నిలువువరుసలో క్రమసంఖ్య, రెండవదానిలో పేరు, తరువాతి ఆరింటిలో ఆరు విషయముల మార్కులు, వాని ప్రక్కన మొత్తము, ఆ ప్రక్కన ఫలితము. మార్కులను ఉపాధ్యాయుడు చేతితో ఎక్కించును. మొత్తమును, ఫలితమును యంత్రమే కట్టును. 17వ వరుసలోని బాలికకు తెలుగులో 71, హిందీలో 58, ఇంగ్లీషులో 49, గణితములో 44, సామాన్య శాస్త్రములో 28, సాంఘిక శాస్త్రములో 60 వచ్చినవి. మొత్తము 310. ప్రతి విషయమునందును 35 మార్కులు రావలెనని నియమము పెట్టుకొన్నచో ఆమె ఫలితము ‘తప్పినది’ అని వచ్చును.

కొన్ని దినముల తరువాత జవాబు పత్రమును మరల చూడగా సామాన్య శాస్త్రములో ఒక జవాబునకు వేసిన 10 మార్కులను కూడుట మరచినట్లు తేలినది. అసలు మార్కులు 28 కావు, 38. ఉపాధ్యాయుడు ఆ గడిలోని అంకెను దిద్దెను. మొత్తము 320కి పెరుగవలెను. ఫలితము ‘ఉత్తీర్ణము’ కావలెను. కాని మొత్తము 310 గానే నిలిచినది. ‘తప్పినది’ అను మాటయు కదలలేదు. ముందు వెనుకల వరుసలలో ఏ మార్కును మార్చినను మొత్తము వెంటనే మారుచున్నది. ఈ ఒక్క వరుసలో మాత్రము మారుటలేదు.

యంత్రము చెడలేదు. ఆ రెండు గడులలో లెక్క కట్టు సూత్రము ఇప్పుడు లేదు, అంతే. ఎప్పుడో, ఎవరో, ఆ సూత్రములపైన 310 అనియు ‘తప్పినది’ అనియు స్వయముగా టైపు చేసిరి. అది ఎవరి కంటను పడలేదు. నలుబది వరుసలలో ఒక్కటి మారకుండ నిలిచిపోయినచో ముద్రించిన జాబితాలో దానిని కనుగొనుట కష్టము. ఉత్తీర్ణురాలైన బాలిక తప్పినట్లుగా గోడమీది కాగితములో కనబడును.

ఒకే గడిలో రెండు వస్తువులు

స్ప్రెడ్‌షీట్ అను మాట కంప్యూటరు పట్టికలకంటె పాతది. అకౌంటెంట్లు అనేక నిలువువరుసలు గీసి లెక్కలు వ్రాసికొనెడు వెడల్పైన కాగితమునకు ఆ పేరుండెను. 1978లో అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి చదువుచుండెను. ఆచార్యుడు నల్లబల్లపై పెద్ద పట్టికను వ్రాసి లెక్క చెప్పుచుండగా, ఒక్క సంఖ్య మారినచో దానిపై ఆధారపడిన సంఖ్యలన్నిటిని చెరిపి మరల వ్రాయవలసి వచ్చుట అతడు గమనించెను. ఒకటి మార్చినంతనే తక్కినవి తమంతట తాము మారెడు నల్లబల్ల యుండిన బాగుండునుగదా అని అతనికి తోచినది. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను మిత్రునితో కలిసి ఆ ఊహను ప్రోగ్రాముగా మార్చెను. అదే 1979లో ఆపిల్ 2 కంప్యూటరు కొరకు వెలువడిన విజికాల్క్. దానిలో 254 అడ్డువరుసలు, 63 నిలువువరుసలు ఉండెను. 1983లో లోటస్ 1-2-3, 1985లో మొదట మాకింటాష్ కొరకు ఎక్సెల్ వచ్చినవి. నేటి ఎక్సెల్ పట్టికలో 10,48,576 అడ్డువరుసలు, 16,384 నిలువువరుసలు కలవు. లిబ్రెఆఫీస్ కాల్క్, గూగుల్ షీట్స్ మొదలగునవియు ఇదే పద్ధతిలో పనిచేయును.

పరిమాణము ఎంత పెరిగినను మూలమైన ఊహ మారలేదు. పట్టికలోని ప్రతి గడికి ఒక చిరునామా ఉండును. నిలువువరుసకు ఇంగ్లీషు అక్షరము, అడ్డువరుసకు సంఖ్య. మూడవ నిలువువరుస, 17వ అడ్డువరుస కలిసిన గడి పేరు సి17. ఆ గడిలో మానవుడు సూటిగా ఒక సంఖ్యను వ్రాయవచ్చును. లేదా ‘ఫలానా గడులనుండి లెక్కకట్టుము’ అని ఒక ఆజ్ఞను వ్రాయవచ్చును. ఆజ్ఞయైనచో సమాన చిహ్నముతో మొదలగును. పై పట్టికలో మొత్తము ఐ17 గడిలో ఉన్నది. అందలి సూత్రము =సమ్(సి17:హెచ్17). సి17 మొదలు హెచ్17 వరకు గల ఆరు గడులను కూడుమని దీని భావము. ఫలితము గల జె17లో =ఇఫ్(మిన్(సి17:హెచ్17)>=35,"ఉత్తీర్ణము","తప్పినది") అని ఉండును. ఆరింటిలో అతి చిన్నది 35 గాని, అంతకెక్కువ గాని అయినచో మొదటి మాటను, కానిచో రెండవ మాటను చూపుమని అర్థము. యంత్రముపై ఈ ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరములలో వ్రాయబడును.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. తెరమీద సూత్రము కనబడదు. దాని ఫలము మాత్రమే కనబడును. లెక్కకట్టి వచ్చిన 310, చేతితో వ్రాసిన 310 చూచుటకు ఒక్కటే. అదే పరిమాణము, అదే రంగు, అదే స్థానము. గడిపై నిలిచి పైనున్న ఫార్ములా బారును చూచినప్పుడే ఒకదానిలో సూత్రము, మరియొకదానిలో ఉత్త అంకె ఉన్నట్లు తెలియును. కాగితపు పద్దు పుస్తకములో ఈ అపాయము లేదు. అక్కడ కూడు పద్ధతి గుమాస్తా తలలో ఉండును, సంఖ్య కాగితముపై ఉండును. సంఖ్యను కొట్టివేసినంత మాత్రమున పద్ధతి చెరగదు. కంప్యూటరు పట్టికలో పద్ధతియు ఫలమును ఒకే గడిలో ఒకదానివెనుక ఒకటి నిలిచినవి. ఫలముపై చేయి వేసినవాడు తెలియకయే పద్ధతిని తుడిచివేయును.

సూత్రము పోవు మార్గములు

గడిపై నిలిచి ఏ అక్షరపు మీటను నొక్కినను ఆ గడిలో అంతకుముందున్నది పోయి క్రొత్తది మొదలగును. ‘తుడువవచ్చునా?’ అని యంత్రము అడుగదు. వరుసగా వేలకొలది సంఖ్యలను ఎక్కించువారికి ప్రతిసారి ప్రశ్న వేసినచో పని సాగదు గనుక ఇట్లు ఏర్పాటు చేసిరి. ఉన్నదానిని దిద్దవలెనన్న ఎఫ్2 మీటను ముందుగా నొక్కవలెను. ఈ భేదము తెలియనివారు అనేకులు.

మార్కులు ఎక్కించువాని కన్ను సాధారణముగా కాగితముమీద ఉండును, తెరమీద ఉండదు. ట్యాబ్ మీట నొక్కుచు ఒక్కొక్క విషయమును దాటును. ఆరవ మార్కు వేసిన పిదప ఎంటర్ నొక్కినచో కర్సరు తరువాతి వరుసలో మొదలుపెట్టిన నిలువువరుసకే చేరును. పొరపాటున మరియొక ట్యాబ్ నొక్కినచో మొత్తపు గడిమీద నిలుచును. తరువాతి విద్యార్థి తెలుగు మార్కు అక్కడ పడును. ఇట్టి తప్పు త్వరలోనే బయటపడును. 320 ఉండవలసినచోట 64 ఉన్నచో ఎవరికైనను అనుమానము కలుగును. వెంటనే కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కినచో పూర్వస్థితి వచ్చును. ఫైలును మూసివేసి మరల తెరచినచో ఎక్సెల్‌లో ఈ వసతి ఉండదు.

అంతకంటె ప్రమాదకరమైనది సరియైన సంఖ్యతో సూత్రమును కప్పుట. గడిని ఖాళీ చేయవలెనని స్పేస్ మీట నొక్కుదురు. సూత్రము పోయి గడి ఖాళీగా కనబడును. తరువాత వచ్చినవారు ‘మొత్తము వేయలేదే’ అని తామే కూడి 310 అని వ్రాయుదురు. వారు కూడినది సరియే. వేరొకరు మొత్తముల వరుసను పై కార్యాలయమునకు పంపుటకై విలువలుగా మార్చి, అదే చోట అతికించి, ఫైలును అట్లే భద్రపరచుదురు; ఒక్క క్షణములో 40 సూత్రములును పోవును. ఫైలును సిఎస్‌వి రూపములో భద్రపరచినను అంతే. ఆ రూపములో విలువలకు తప్ప సూత్రములకు చోటులేదు. మరియొక పట్టికనుండి పూర్తి అడ్డువరుసను తెచ్చి అతికించినచో మార్కులతోపాటు మొత్తపు గడి కూడ కప్పబడిపోవును. గడి అంచును మౌసుతో పట్టి లాగుట, క్రింది మూలనున్న చిన్న చతురమును లాగి ప్రక్క గడులను నింపుట — ఇవియు తరచుగా జరుగునవే.

వీనిలో ఎక్కువవానికి ఒక సామాన్య లక్షణము కలదు. సూత్రము పోయిననాడు పట్టికలోని సంఖ్యలన్నియు ఒప్పుగానే ఉండును. తప్పు పుట్టునది ఆ తరువాత, ఒక మార్కు మారిననాడు. ఈ రెంటి నడుమ ఒక గంట ఉండవచ్చును, ఒక సంవత్సరమైనను ఉండవచ్చును. అందుచేతనే అంకెలను ఎంత శ్రద్ధగా సరిచూచినను ఈ నష్టము దొరకదు. అంకె ఒప్పా, తప్పా అనుట గాక, అంకె ఎక్కడనుండి వచ్చినదని అడుగవలెను.

సూత్రము మిగిలినందున తెలిసిన తప్పు

2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను ఇద్దరు అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞులు దేశముల అప్పునకు, అభివృద్ధికి గల సంబంధముపై ఒక వ్యాసము ప్రకటించిరి. 20 సంపన్న దేశములలో 1946 మొదలు 2009 వరకు గల అంకెలను వారు పరిశీలించిరి. ప్రభుత్వపు అప్పు జాతీయోత్పత్తిలో నూటికి 90 పాళ్లు దాటిన సంవత్సరములలో సగటు అభివృద్ధి నూటికి –0.1 అని వారి లెక్క. అనేక దేశములలో ప్రభుత్వవ్యయమును తగ్గింపవలెనని వాదించినవారు ఈ వ్యాసమును ఆధారముగా చూపిరి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్‌హర్స్ట్ శాఖలో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి తరగతి అభ్యాసముగా ఆ లెక్కను మరల చేయబూనెను. ఎన్నివిధముల ప్రయత్నించినను అదే ఫలితము రాలేదు. చివరకు ఆ శాస్త్రజ్ఞులనే అడుగగా వారు తమ ఎక్సెల్ పట్టికను పంపిరి.

సగటు కట్టిన సూత్రము ఎల్30 నుండి ఎల్44 వరకు మాత్రమే పోయినది. దేశముల జాబితా ఎల్49 వరకు ఉన్నది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియము, కెనడా, డెన్మార్కు అను 5 దేశములు లెక్కలోనికే రాలేదు. హెర్న్‌డన్, అతని ఆచార్యులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ కలిసి 2013లో దీనిని ప్రకటించిరి. సరిచేసిన సగటు 2.2 అని వారి నిర్ణయము. న్యాయముగా చెప్పవలెనన్న ఈ భేదమంతయు సూత్రమువలన కలిగినది కాదు. ఎల్44 వద్ద ఆగిన సూత్రము వలన వచ్చినది 0.3 మాత్రమే, మిగిలినది కొన్ని సంవత్సరముల అంకెలను విడుచుటవలన, సగటు కట్టిన పద్ధతివలన వచ్చినది. పట్టికలోని తప్పును మూల రచయితలు కూడ ఒప్పుకొనిరి.

ఈ ఉదంతములో సూత్రము చెరగలేదు, పొట్టిదైనది. అయినను దీనినుండి ఇక్కడ గ్రహింపదగినది ఒకటి కలదు. వ్యాసములో అచ్చైన సంఖ్యను చూచి మూడేండ్లపాటు ఎవరును ఆ లోపమును పట్టలేకపోయిరి. సూత్రముతోకూడిన పట్టిక చేతికి వచ్చినప్పుడు పట్టగలిగిరి. ఆ గడిలో సూత్రమునకు బదులు ఉత్త అంకె మాత్రమే మిగిలి యుండినచో, ఏ దేశములు విడిచిపోయినవో చెప్పుటకు ఆధారమే ఉండెడిది కాదు. సూత్రము లెక్క చేయు పనిముట్టు మాత్రమే కాదు. లెక్క ఎట్లు జరిగినదో చెప్పు సాక్ష్యము కూడ. అంకెతో దానిని కప్పినవారు ఆ సాక్ష్యమును తొలగించుచున్నారు.

పట్టికనుండి పట్టికకు చేతితో నకలు తీసి అతికించుట ఎంతటి సంస్థలలోనైనను జరుగుచునే యున్నది. 2012లో జె.పి. మోర్గన్ బ్యాంకు లండను శాఖలోని వ్యాపారములో 600 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినది. ఆ నష్టమునకు కారణములు అనేకము. అయితే ప్రమాదమును కొలుచుటకు వాడిన నమూనా కొన్ని ఎక్సెల్ పట్టికలతో నడచుచుండెననియు, ఒకదానిలోని అంకెలను మరియొకదానిలో చేతితో అతికింపవలసి యుండెననియు, సగటుచేత భాగింపవలసినచోట మొత్తముచేత భాగించుటవలన ప్రమాదము తక్కువగా కనబడెననియు 2013లో ఆ బ్యాంకు ప్రకటించిన నివేదికయే చెప్పినది.

తాళము వేయుట

రక్షణకు మొదటి మెట్టు అంకెలు ఎక్కించు చోటును, లెక్కలు జరుగు చోటును వేరుచేయుట. మార్కుల గడులకు లేత పసుపు రంగు వేసి, సూత్రముల గడులను బూడిద రంగులో ఉంచినచో పట్టికను క్రొత్తగా చూచువానికి కూడ చేయి ఎక్కడ పెట్టవచ్చునో తెలియును. వీలైనచో రెండు వేరు షీట్లుగా చేయుట ఇంకను మేలు. ఒకదానిలో మార్కులు మాత్రమే. రెండవదానిలో మొత్తములు, ఫలితములు. వేరొక పట్టికనుండి తెచ్చి అతికించువారు మొదటి షీటును దాటి రారు.

రంగు హెచ్చరించును గాని ఆపలేదు. ఆపుటకు తాళము కావలెను. ఎక్సెల్‌లో క్రొత్త షీటులోని ప్రతి గడికి పుట్టుకతోనే ‘లాక్డ్’ అను గుర్తు ఉండును. అయితే షీటుకు రక్షణ పెట్టు వరకు ఆ గుర్తు పనిచేయదు. ఈ సంగతి తెలియక పలువురు నేరుగా రక్షణ పెట్టుదురు. వెంటనే షీటంతయు బిగిసిపోయి మార్కులు కూడ ఎక్కవు. విసిగి రక్షణను తీసివేయుదురు, మరల దాని జోలికి పోరు. చేయవలసిన క్రమము దీనికి తలక్రిందులు. ముందుగా సి2 నుండి హెచ్41 వరకు గల మార్కుల గడులను ఎన్నుకొని, కంట్రోల్, 1 మీటలను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ‘ప్రొటెక్షన్’ అను పుటకు పోయి, ‘లాక్డ్’ ఎదుటి టిక్కును తీసివేయవలెను. అటుపిమ్మట ‘రివ్యూ’ క్రిందనున్న ‘ప్రొటెక్ట్ షీట్’ నొక్కవలెను. ఇక మొత్తముపై గాని, ఫలితముపై గాని ఎవరు టైపు చేసినను యంత్రము నిరాకరించును. లిబ్రెఆఫీస్‌లో కూడ ఇదే క్రమము. ఆజ్ఞ ‘టూల్స్’ క్రింద ఉండును. గూగుల్ షీట్స్‌లో ‘డేటా’ క్రింద ‘ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్’ కలదు. అక్కడ పట్టిక యజమానిని ఈ తాళము ఆపదు గనుక, అతడు తన చేతికి తానే హెచ్చరిక పెట్టుకొనుటకు ‘దిద్దబోవునప్పుడు హెచ్చరించుము’ అను ఏర్పాటును ఎన్నుకొనుట మంచిది.

తాళము వేసిన ఎక్సెల్ షీటులో ట్యాబ్ నొక్కినచో కర్సరు తాళము లేని గడులమీదనే అడుగులు వేయును. ఆరవ మార్కు పిదప మొత్తమును, ఫలితమును దాటి తరువాతి విద్యార్థి మొదటి మార్కునకు తానే చేరును. పని ఆలస్యమగునను భయమునకు తావులేదు సరికదా, వేగము హెచ్చును.

సంకేతపదము పెట్టవలెనా? షీటు రక్షణ చేయిజారుటనుండి కాపాడునదే గాని దొంగనుండి కాపాడునది కాదు. పాఠశాల కార్యాలయములో నలుగురు వాడు పట్టికకు సంకేతపదము లేకుండ రక్షణ పెట్టుటయే నయము. పెట్టినవారు బదిలీయై పోయి, పదము ఎవరికిని తెలియనినాడు పట్టికను ప్రక్కన పడవేసి క్రొత్తది చేయుదురు. ఆ క్రొత్తదానిలో తాళము ఉండదు.

తాళమువలన కొన్ని ఇబ్బందులు లేకపోలేదు. మార్కుల వరుసలో విద్యార్థులను మార్చి పేర్చుట రక్షిత షీటులో సాగదు. ర్యాంకుల జాబితాను వేరొక షీటులో చేసికొనవలెను. క్రొత్త విద్యార్థి చేరినచో రక్షణను తీసి, చివర గాక నడుమ వరుసను చేర్చి, పై వరుసనుండి సూత్రములను నకలు చేసి, మరల రక్షణ పెట్టవలెను. చివర చేర్చినచో నిలువు మొత్తముల సూత్రములు 41వ వరుసతోనే ఆగిపోవుట కద్దు. బయటినుండి తెచ్చిన మార్కులను అతికించునప్పుడు ‘పేస్ట్ వాల్యూస్’ అను పద్ధతినే వాడవలెను. మామూలుగా అతికించినచో మూలపు గడి రూపురేఖలు, దానితోపాటు తాళపు గుర్తు కూడ వచ్చి చేరును.

దిద్దుబాటునకు చోటు

సూత్రముపై అంకె వేయువారందరును అజాగ్రత్తపరులు కారు. తరచుగా వారికి సరియైన కారణమే ఉండును. మధ్యాహ్న భోజనపు బియ్యము లెక్కను చూడుడు. 6, 7, 8 తరగతుల పిల్లలకు దినమునకు తలకు 150 గ్రాముల చొప్పున నియమము. ఒకనాడు 84 మంది భోజనము చేసినచో ఖర్చు 12 కిలోల 600 గ్రాములు. ఉదయము నిల్వ 240 కిలోలైనచో సాయంత్రము 227.4 కిలోలు. మరునాటి ఉదయపు నిల్వ ఈ సాయంత్రపు నిల్వనుండి సూత్రముతో వచ్చును. ఇట్లు దినమునకు దినము గొలుసుగా సాగును. నెలాఖరున గోనెలను తూచగా లెక్క ప్రకారము ఉండవలసినదానికంటె 2.4 కిలోలు తక్కువ వచ్చినవనుకొందము. ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెనను సదుద్దేశముతోనే ఆనాటి నిల్వ సూత్రముపై తూచిన అంకెను టైపు చేయుదురు.

అంతటితో గొలుసు తెగును. ఆ నెల 5వ తేదీన పిల్లల సంఖ్య తప్పుగా పడినట్లు తరువాత తెలిసి దానిని దిద్దినను, ఆ దిద్దుబాటు తెగిన లంకె వరకే వచ్చి ఆగును. పైగా 2.4 కిలోలు ఏమైనవను ప్రశ్నయే పట్టికలో కనబడకుండ పోవును. బియ్యము తరుగునకు బాధ్యులెవరని అడిగినప్పుడు చూపుటకు ఆధారము ఉండదు.

ఇక్కడ తప్పు టైపు చేసినవానిది కాదు, పట్టికను గీసినవానిది. వాస్తవమునకు, లెక్కకు భేదము వచ్చినప్పుడు దానిని వ్రాయుటకు అతడు చోటు ఉంచలేదు. ‘సవరణ’ అని ఒక నిలువువరుసను, ‘కారణము’ అని మరియొకదానిని చేర్చి, నిల్వ సూత్రములో సవరణను కలిపినచో చాలును. గుమాస్తా –2.4 అని సవరణ గడిలో వ్రాసి, ప్రక్కన ‘తూకములో తరుగు’ అని వ్రాయును. సూత్రము నిలుచును, నిల్వ సరిపోవును, భేదమును కనబడును. అట్లే 150 అను సంఖ్యను ప్రతి సూత్రములోను దాచక పట్టిక తలమీద ఒక గడిలో వ్రాసి, సూత్రములన్నియు దానిని చూచునట్లు చేయవలెను. చిన్న తరగతుల పట్టికలో అక్కడ 100 వేసిన చాలును. ఏ సూత్రమును ముట్టనక్కరలేదు.

పోయినదానిని కనుగొనుట

తాళము లేని పాత పట్టికలు ప్రతి కార్యాలయములోను ఉండును. వానిలో సూత్రములు మిగిలి యున్నవో లేవో చూచుటకు సులభమైన మార్గము కంట్రోల్ మీటతోపాటు, 1 అంకెకు ఎడమప్రక్కనున్న మీటను నొక్కుట. గడులలో ఫలములకు బదులు సూత్రములే కనబడును. సూత్రముల వరుస నడుమ ఒంటరిగా నిలిచిన 310 అప్పుడు దాగలేదు. మరల అవే మీటలను నొక్కినచో పట్టిక యథాస్థితికి వచ్చును. ఎక్సెల్‌లో మొత్తముల వరుసను ఎన్నుకొని, ఎఫ్5 నొక్కి, ‘స్పెషల్’ లో ‘కాన్‌స్టంట్స్’ ఎన్నుకొన్నచో చేతితో వ్రాసిన గడులను యంత్రమే ఏరి చూపును.

ప్రతిసారి మానవుడు వెదకుటకంటె పట్టికయే తన్ను తాను కనిపెట్టుకొనునట్లు చేయవచ్చును. ఎక్సెల్‌లో 2013 నుండి ‘ఈజ్‌ఫార్ములా’ అను ఆజ్ఞ ఉన్నది. గడిలో సూత్రమున్నచో ‘అవును’ అనియు, లేనిచో ‘కాదు’ అనియు చెప్పును. పట్టిక తలమీద ఒక గడిలో =సమ్‌ప్రొడక్ట్(--ఈజ్‌ఫార్ములా(ఐ2:ఐ41)) అని వ్రాసినచో మొత్తముల వరుసలో ఎన్ని సూత్రములు మిగిలినవో సంఖ్య వచ్చును. రెండు తీసివేత చిహ్నములు అవును, కాదు అను జవాబులను 1, 0గా మార్చుటకు. అక్కడ 40 ఉండవలెను. 39 వచ్చినచో ఒకటి పోయినది. ఏది పోయినదో చూపుటకు ఆ వరుసకు ‘కండిషనల్ ఫార్మాటింగ్’ లో =నాట్(ఈజ్‌ఫార్ములా(ఐ2)) అను నిబంధన వ్రాసి ఎరుపు రంగు నియమించినచో, సూత్రము పోయిన గడి ఆ క్షణముననే ఎఱ్ఱబడును.

ఈ పరీక్ష సూత్రము ఉన్నదా, లేదా అని మాత్రమే చెప్పును. సరిగా ఉన్నదా అని చెప్పదు. ఎల్44 వద్ద ఆగిన సూత్రము కూడ దీని దృష్టిలో సూత్రమే. దానికి పద్దులు వ్రాయువారి పాత ఉపాయము పనికివచ్చును. ఆరు విషయముల నిలువు మొత్తములను కూడగా వచ్చినదియు, 40 మంది అడ్డు మొత్తములను కూడగా వచ్చినదియు సమానము కావలెను. రెంటి భేదమును ఒక గడిలో వేసినచో అక్కడ ఎల్లప్పుడు 0 ఉండవలెను. పై ఉదాహరణములో రెండును 12,450 అనుకొందము. సామాన్య శాస్త్రపు మార్కు 28 నుండి 38కి పెరిగిననాడు ఒకటి 12,460 అగును, రెండవది 12,450 గానే ఉండును. భేదపు గడిలో 10 కనబడును. అంతవరకు ఈ పరీక్షకు ఏమియు తెలియదు. సూత్రములను లెక్కించు పరీక్ష మాత్రము మొదటినాడే చెప్పియుండును. రెండును ఉండుట మేలు. ఖర్చు రెండు గడులే.

పోయిన సూత్రమును తిరిగి వ్రాయుట కష్టము కాదు. ఐ16 గడిని నకలు తీసి ఐ17లో అతికించినచో, =సమ్(సి16:హెచ్16) అనునది =సమ్(సి17:హెచ్17) గా తానే మారును. సూత్రము గడుల పేర్లను అక్షరాలా గాక, ‘నాకు ఎడమప్రక్కనున్న ఆరు గడులు’ అన్నట్లుగా గుర్తుంచుకొనుటవలన ఇది సాధ్యమగుచున్నది. వరుసలో ఒక్క సూత్రమైనను మిగిలినచో తక్కిన 39 దానినుండి పుట్టును. ఒక్కటియు మిగులనప్పుడు పాత ప్రతియే దిక్కు. గూగుల్ షీట్స్‌లో ‘వెర్షన్ హిస్టరీ’ తెరచి వెనుకటి రూపములను చూడవచ్చును. కంప్యూటరులోనే ఉంచిన ఫైలుకు, మార్కులు ఎక్కించుటకు ముందు, సూత్రములతో ఖాళీగా నున్న పట్టికను వేరొక పేరుతో ఒకసారి భద్రపరచి, ప్రతి పరీక్షకు దాని నకలుతో పని మొదలిడవలెను. పై కార్యాలయమువారు సిఎస్‌వి రూపములో కోరినచో మూలపు ఫైలును ముందుగా భద్రపరచి, సిఎస్‌విని వేరు పేరుతో తీసి పంపి, ఆ కిటికీని మూసివేసి మరల మూలపు ఫైలునే తెరచి పని సాగింపవలెను.